కోవా, ప్లైవుడ్డు, మాయామాళవగౌళ

ముందే ఒక మాట చెప్పేస్తాను. నేను సంగీతం తెలిసినవాణ్ణి కాను. వాయించేది రోజుకి ఇరవై నిమిషాలు, వాయిద్యాల గురించి చదివేది రెండు గంటలు. ఏ వస్తువు కొనాలన్నా ముందు ఎక్సెల్ షీటు తెరిచే జాతి మనది. ప్రెషర్ కుక్కరుకీ అంతే, కారుకీ అంతే, పిల్ల స్కూలుకీ అంతే. అలాంటివాడి ఇంట్లో మూడు టెనర్ యుకులేలీలు ఒకేసారి చేరితే ఊరుకుంటాడా? మూడు అడ్డు వరసలు, పదకొండు నిలువు గడులు, ప్రతి గడికీ ఒక వెయిటేజీ. ఆ షీటు నింపడానికి నాకు రెండు నెలలు పట్టింది. అందులో అసలు గడి ఒకటి లేనే లేదని తేల్చడానికి మా అమ్మకి విజయనగరం నుంచి వాట్సాప్ కాల్లో నాలుగు నిమిషాలు పట్టింది.

యుకులేలీ ఎరగనివాళ్ళ కోసం రెండు ముక్కలు. చూడ్డానికి గిటారు పిల్లలా ఉంటుంది. నాలుగే తీగలు, అవీ ఇనపవి కావు, నైలాన్ తరహావి. హవాయీ వాయిద్యం అంటారు గానీ దాని పుట్టిల్లు పోర్చుగల్ వాళ్ళ మదీరా దీవి. 1879 ఆగస్టులో రావెన్స్‌క్రాగ్ అనే ఓడలో మదీరా నుంచి నాలుగొందల పైచిలుకు జనం చెరుకు తోటల్లో పనికని హొనొలులులో దిగారు. వాళ్ళలో ముగ్గురు చెక్కపని వాళ్ళు, తమ ఊళ్ళో వాయించే చిన్న తీగవాయిద్యాన్ని అక్కడి చెక్కతో చెయ్యడం మొదలెట్టారు. హవాయీ భాషలో 'ఉకు' అంటే పేను లాంటి పురుగు, 'లేలే' అంటే గెంతడం. తీగల మీద వేళ్ళు అలా గెంతుతున్నాయని ఆ పేరొచ్చిందని ఒక కథ. అన్నట్టు అదే 1879లో, మే నెలలో, లియొనిడాస్ అనే ఓడ మన దేశపు కూలీల్ని మొట్టమొదటిసారి ఫిజీలో దింపింది. అక్కడా చెరుకే. ఒక్క పంచదార కోసం ఎక్కడి జనం ఎక్కడికి పోయారో చూడండి!

ఇందులో సైజులున్నాయి. తీగ పొడవు లెక్కన సొప్రానో సుమారు 13 అంగుళాలు, కాన్సర్ట్ 15, టెనర్ 17, బారిటోన్ 19 పైన. నాబోటి లావు వేళ్ళవాడికి సొప్రానో మెట్ల మీద ట్రాఫిక్ జామే. టెనర్ దగ్గరికొచ్చేసరికి కాస్త ఊపిరాడుతుంది. అందుకే పోలిక మొత్తం టెనర్లకే పరిమితం.

నిజానికి నేను గిటారు వాణ్ణి. 2006లో జేక్ షిమబుకురో న్యూయార్క్ సెంట్రల్ పార్కులో రాతి మీద కూర్చుని బీటిల్స్ పాట ఒకటి టెనర్ మీద వాయించిన వీడియో యూట్యూబులో తెగ తిరిగింది. ఆఫీసులో నాకూ నలుగురైదుగురు పంపారు. "బావుంది" అని జవాబిచ్చి మళ్ళీ నా గిటారులో పడ్డాను. యుకులేలీ దగ్గరికి నన్ను తెచ్చింది జేక్ కాదు, కీబోర్డు. ఎడమచెయ్యి బొటనవేలు మొదట్లో నరం పట్టేసింది. రాత్రుళ్ళు తలుపు గడియ తియ్యాలన్నా కళ్ళలో నీళ్ళు. డాక్టరు కట్టు కట్టి, టైపింగు ఎలాగూ మానలేవు కాబట్టి గిటారు మానెయ్యమన్నాడు. ఇనప తీగలు నొక్కే బలం ఇహ ఆ చేతికి రాదన్నాడు. ఏడాది పాటు గిటారు పెట్టె మూసే ఉంది. ఆ పైన ఎవరో ఇది పట్టి చూడమన్నారు. పట్టాను. ఇరవై నిమిషాలు నొప్పి లేకుండా వాయించాను. ఆ రాత్రి మా ఆవిడ "ఏంటి, ఈలలేస్తున్నారు?" అంది.

కాబట్టి నాకు ఈ పోలిక సరదా వ్యవహారం కాదు. ఉన్నది ఇదొక్కటే వాయిద్యం. సరైనది ఎంచుకోవాలి.

ఇహ మన అభ్యర్థులు. కంపెనీల పేర్లు చెప్పను. నేను చూసింది ఒక్కోదాంట్లో ఒక్క పీసు మాత్రమే, దాన్ని బట్టి కంపెనీ మొత్తానికి మార్కులెయ్యడం అన్యాయం. మొదటిది ప్లైవుడ్ది. నూట ముప్ఫై డాలర్ల చిల్లర, చైనా తయారీ, పైన మహాగని పొర, మెరుపు లేని పాలిష్. యుకులేలీలు మాత్రమే అమ్మే ఓ చిన్న కొట్టు వాళ్ళు పంపారు. రెండోది సెడార్ది. ముందు పలక మాత్రం ఒకే చెక్క, వెనకా పక్కలా రోజ్‌వుడ్ పొర. ఇది నాది కాదు. మా టీములో ఒకాయన ఆరు వారాలు ఇండియా వెళ్తూ "ఈ చలికి ఎండిపోకుండా కాస్త చూసుకోండి" అని మా ఇంట్లో పెట్టి వెళ్ళాడు. (వాయించొద్దని అనలేదు.) మూడోది కోవాది. హవాయీలో చేసింది, ముందూ వెనకా పక్కలూ అన్నీ అసలు చెక్కే. రిటైరైన ఒక పెద్దాయన దగ్గర సెకండ్ హ్యాండులో పదకొండొందల డాలర్లకి కొన్నాను. ఇంట్లో ఎంతని చెప్పానో ఇక్కడ రాయను.

కోవా అంటే పాలకోవా కాదండీ. అకేసియా కోవా అని చెట్టు, ప్రపంచం మొత్తం మీద హవాయీ దీవుల్లోనే సహజంగా పెరుగుతుంది. అకేసియా అనగానే మీకు వెలిగే ఉంటుంది, మన తుమ్మకి చుట్టం. మనవైపు రోడ్ల పక్కన కనపడే ఆస్ట్రేలియా తుమ్మకి ఇంకా దగ్గర చుట్టం. పదకొండొందల డాలర్లు పోసి తుమ్మచెక్క కొన్నావా అని మా బావమరిది ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంటాడు. 1916 నుంచీ ఉన్న కమాకా దగ్గర్నుంచి హవాయీలో పేరున్న తయారీదార్లందరికీ ముద్దుబిడ్డ ఈ చెక్క.

అందం సంగతి ముందు తేల్చేద్దాం, ఎందుకంటే అందులో పోటీ లేదు. కోవాలో 'కర్ల్' అని ఒకటుంటుంది. చెక్క నార నిటారుగా కాకుండా అలలు అలలుగా పెరిగితే, కోసి పాలిష్ పట్టాక వెలుతురుకి అడ్డంగా చారలు కదులుతున్నట్టు కనిపిస్తాయి. వాయిద్యాన్ని ఇటు తిప్పితే ఒక చార వెలుగుతుంది, అటు తిప్పితే పక్కది. నేను వాయించకుండా ఊరికే తిప్పి చూసుకున్న సాయంత్రాలున్నాయి. ఆ అలల్ని బట్టే గ్రేడు, గ్రేడుని బట్టే ధర. అలలకీ ధ్వనికీ మాత్రం సంబంధం లేదు. అమ్మేవాళ్ళలో నిజాయితీ ఉన్నవాళ్ళు కూడా ఇది ఒప్పుకుంటారు. దాని పక్కన పెడితే సెడార్ది శుభ్రంగా ఇస్త్రీ చేసిన గవర్నమెంటు గుమాస్తాలా ఉంటుంది. ప్లైవుడ్ది అద్దె కుర్చీలా ఉంటుంది.

ధ్వనికి షీటులో నలభై శాతం వెయిటేజీ ఇచ్చాను. మొదటి వారం కోవాకి 9, సెడార్‌కి 8, ప్లైవుడ్‌కి 5 వేశాను. వేసిన తర్వాత అనుమానమొచ్చింది. కళ్ళు తెరుచుకుని వేసిన మార్కులు కదా ఇవి? మా అమ్మాయిని పిలిచి, నా కళ్ళకి చున్నీ కట్టించుకుని, గోడ వైపు తిరిగి కూర్చున్నాను. తను మూడింటిలో ఏదో ఒకటి తీసి ఒకే నాలుగు కార్డులు, సీ, ఏ మైనర్, ఎఫ్, జీ సెవెన్, ఒకే తాళంలో వాయించాలి. అది ఏదో నేను చెప్పాలి. పన్నెండు సార్లు. ఒక్కోటి నాలుగేసి సార్లు, వరస తనిష్టం. పన్నెండుకి పన్నెండూ కరెక్టుగా చెప్పాను! ఆ ఆనందం ఆ రాత్రి పక్కెక్కేదాకా ఉంది. పక్కెక్కాక బుర్ర పనిచేసింది. మూడింటికీ మూడు రకాల తీగలున్నాయి. ప్లైవుడ్‌ది తెల్లటి నైల్‌గట్, పేగు తీగల ధ్వని రావాలని ఇటలీ వాళ్ళు చేసిన ప్లాస్టిక్. సెడార్‌ది ఫ్లోరోకార్బన్, అంటే చేపల గేలానికి కట్టే దారం లాంటిదే. కోవాకి పాతాయన నల్లటి నైలాను వేసి, పైనున్న జీ తీగ మాత్రం లోహం చుట్టిన మంద్రస్థాయిది పెట్టాడు. నేను గుర్తుపట్టింది చెక్కని కాదు, తీగల్ని. వేరియబుల్స్ మూడు మార్చేసి ఒకదాని మీద తీర్పు చెప్పినట్టన్నమాట. ఈ తప్పు జూనియర్ ఎవరైనా చేస్తే కోడ్ రివ్యూలో ఉతికి ఆరేసేవాణ్ణి.

మూడు సెట్లు ఒకే ఫ్లోరోకార్బన్ తీగలు తెప్పించి అన్నిటికీ వేశాను. (ముప్ఫై డాలర్లు. దానికీ ఇంట్లో చెప్పుకోవాల్సి వచ్చింది.) కొత్త తీగలు సాగి స్థిరపడ్డానికి వారం ఆగి, మళ్ళీ చున్నీ, మళ్ళీ గోడ. ఈసారి పన్నెండింట్లో ఏడు. గాల్లో రాయేస్తే నాలుగు తగలాలి కాబట్టి మరీ సున్నా కాదు. విడదీసి చూస్తే ప్లైవుడ్డుని నాలుగింట్లో మూడుసార్లు పట్టుకున్నాను. దాని స్వరం పుట్టీ పుట్టగానే ఆరిపోతుంది, మూడు పొరల్ని జిగురుతో అతికించిన పలక అంత తేలిగ్గా ఊగదు. కోవాకీ సెడారుకీ మధ్య మాత్రం బొమ్మా బొరుసే. ఎనిమిదింట్లో నాలుగు.

నాకొక్కడికే చెవులు లేవా అని కంగారుపడి వెతికితే ఓదార్పు దొరికింది. ఇంగ్లండులో లాంకస్టర్ యూనివర్సిటీ వాళ్ళు 2018లో ఒక పరిశోధన ప్రచురించారు. ఒకేలాంటి గిటార్లు ఆరు చేయించారు, వెనక చెక్క ఒక్కటే తేడా. ఖరీదైన బ్రెజిల్ రోజ్‌వుడ్ నుంచి చవక చెక్కల దాకా. 52 మంది గిటారిస్టులకి కళ్ళు కనపడకుండా చేసి వాయించమన్నారు. మార్కుల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. చూశారా, ముందు పలక సంగతి వేరు గానీ వెనక చెక్కకి పోసే డబ్బు చాలావరకు కళ్ళ కోసమే. నేను షీటు తెరిచి కోవా ధ్వనిని 9 నుంచి 8కి దించాను. మనసొప్పక మళ్ళీ 8.5 చేశాను.

తర్వాత తయారీ నాణ్యత, ముప్ఫై శాతం. దీన్ని చాలా శ్రద్ధగా చేశాను. ఫోన్ టార్చి వేసి, మా ఆవిడ చిన్న అద్దం లోపలికి పట్టుకుని మూడింటి కడుపులూ చూశాను. ప్లైవుడ్ దాంట్లో జిగురు కారి గడ్డలు కట్టింది, ఒక బద్ద పక్కన రంపంపొట్టు కూడా అంటుకునుంది. సెడార్ది నయం. కోవాది చూస్తే మాత్రం పెళ్ళివారి ఇల్లే. బద్దలు సన్నగా తరిగి, చివర్లు నున్నగా గీసి, ఎక్కడా జిగురు చుక్క లేదు. ముందు పలక అంచు రెండు మిల్లీమీటర్లకి మించి లేదు. వేలితో తడితే మద్దెలలా 'ధుం' అంది. మెడ అతుకు వెంట్రుక పట్టనంత బిగువు. తొమ్మిదిన్నర వేశాను. అందానికి పది. ధర గడిలో దెబ్బతిన్నా మొత్తం మీద కోవా 8.4, సెడారు 7.6, ప్లైవుడ్ 6.1. ఆకుపచ్చ రంగు కొట్టేశాను. అయిపోయింది.

అయిపోలేదు. ఒక విషయం నేను షీటులో రాయలేదు, ఎవరికీ చెప్పలేదు కూడా. కోవాది వాయించిన రోజున రాత్రి బొటనవేలు మొదట్లో మళ్ళీ సలుపు. పది నిమిషాలకే మొదలయ్యేది. ప్లైవుడ్ది అరగంట వాయించినా ఏమీ లేదు. ఇలా మూడు వారాలు చూసి కూడా, కారణం కోవా అనుకోవడానికి నాకు మనసు రాలేదు. డెడ్‌లైన్ల వారం అనుకున్నాను. చలి అనుకున్నాను. మౌసు మార్చాను! పదకొండొందలు పోసిన వస్తువు, అంత అందమైనది, నాకు పడకపోవడమేంటి? గిటారు పోయింది, ఇప్పుడు ఇది కూడా పోతే మిగిలేదేమీ లేదన్న భయం అడుగున ఎక్కడో ఉందేమో, దాన్ని తట్టి లేపడం ఇష్టం లేకపోయింది.

ఒక ఆదివారం పొద్దున అమ్మకి ఫోన్ చేశాను. అమ్మ పెళ్ళికి ముందు వీణ నేర్చుకుంది. బొబ్బిలి వీణ, ఒకే పనస దుంగని తొలిచి చేసినది, ఇప్పటికీ ఇంట్లో ఉంది. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో చేసేవాళ్ళు. ఇప్పుడు వేళ్ళు సహకరించక దసరాకి పూజలో పెట్టి తియ్యడమే గానీ చెవి మాత్రం ఎక్కడికీ పోలేదు. కోవాని కెమెరా ముందు తిప్పి తిప్పి చూపించాను.

"ముద్దొస్తోందిరా. ఏదైనా వాయించు."

నాకొచ్చిందే మోహనం. వాయించాను. సా అంటే సీ తీగ ఉత్తది, రి దాని రెండో మెట్టు, గ పక్క తీగ ఉత్తది, అలా ఏ తిప్పలూ లేకుండా పోతుంది.

"బానే ఉంది గానీ గమకం ఏదిరా? ఉట్టి గుండ్రాళ్ళు దొర్లించినట్టుంది."

"అమ్మా, ఇది వీణ కాదమ్మా. మెట్లు పొట్టివి, నైలాను తీగ లాగినా స్వరం పెద్దగా కదలదు."

"మన పాలకొల్లు శ్రీనివాస్ మేండలిన్ మీద వాయించలేదూ?"

ఏం చెప్తాం. ఆయన ఎలక్ట్రిక్ మేండలిన్ పట్టుకుని, జంట తీగలు తీసేసి ఒంటి తీగలు అయిదు పెట్టుకుని తనకి కావలసినట్టు మలచుకున్నాడు. అయినా ఆయనకీ నాకూ పోలికా! మా అమ్మకి అలాంటి పట్టింపులు లేవు.

"సరే, సరళీ వరసలు వాయించు. మాయామాళవగౌళ గుర్తుందా, చిన్నప్పుడు పారిపోయేవాడివి."

వెతుక్కుంటూ వాయించాను. స, రి, గ, మ... సగంలో ఆపింది.

"రి పైకి పోతోంది. మధ్యమం కూడా. మిగతావన్నీ సరిగ్గానే ఉన్నాయి. దానికి మేళం ఎవరు కట్టారు?"

మేళం కట్టడం అంటే వీణ మెట్లని మైనంలో సరైన చోట నిలబెట్టడం. ఎండలకి మైనం మెత్తబడితే మెట్లు కదులుతాయి, మళ్ళీ మనిషిని పిలిచి కట్టించాలి. "వీటికి మేళం ఉండదమ్మా, మెట్లు చెక్కలో దిగేసి ఉంటాయి, కదలవు" అన్నాను. "మరి అపశ్రుతి ఎలా పలుకుతోంది? ఇంకోసారి వాయించు." వాయించాను. మళ్ళీ అవే రెండు. ప్లైవుడ్ది తీసి వాయించాను. "ఇది నయం" అంది.

ఆలోచించండి. ఫోన్లో వెళ్ళే ధ్వనిలో కోవా గుబాళింపు, సెడారు వెచ్చదనం లాంటివేమీ మిగలవు, అన్నీ డబ్బా శబ్దాలే. మిగిలేది శ్రుతి ఒక్కటే. నేను రెండు నెలలు తూకం వేసిన సరుకంతా దారిలో రాలిపోయి, నేను చూడనిది ఒక్కటి విజయనగరం చేరింది.

ఫోన్ పెట్టేసి మెట్ల మీద వేళ్ళు పెట్టి చూసుకున్నాను. శుద్ధ రిషభం, సీ తీగ మొదటి మెట్టు. శుద్ధ మధ్యమం, ఈ తీగ మొదటి మెట్టు. ప, ధ, ని, పై స ఒక్కటీ మొదటి మెట్టు మీద లేవు. మోహనంలో అసలు మొదటి మెట్టే తగలదు! మూడు నెలల నుంచీ మోహనమే వాయిస్తున్నాను కాబట్టి బగ్గు ఎప్పుడూ బయటపడలేదు. టెస్ట్ కేసు రాసినవాడే కోడూ రాస్తే ఇంతే. ట్యూనరు పెట్టి కొలిచాను. స్వరానికీ పక్క స్వరానికీ మధ్య 100 సెంట్లు అనుకుంటే, కోవా మీద సీ తీగ మొదటి మెట్టు 18 సెంట్లు ఎక్కువ పలుకుతోంది, ఈ తీగది 14. ప్లైవుడ్ మీద 4, 5. శుద్ధ రిషభాన్ని కాస్త కిందికే వినడం అమ్మకి అలవాటు, 18 సెంట్లు పైకి పోతే ముల్లు గుచ్చుకున్నట్టే ఉండి ఉంటుంది.

మెట్లు కదలనప్పుడు తప్పు ఎక్కడుంది? మెడ పైకొసన తీగలు కూర్చునే చిన్న ఎముక బద్ద ఉంటుంది, దాన్ని నట్టు అంటారు. అందులో తీగకో గాడి. గాడి లోతు చాలకపోతే తీగ మొదటి మెట్టుకి మరీ ఎత్తులో ఉంటుంది. దాన్ని కిందికి నొక్కాలంటే ఎక్కువ బలం కావాలి, నొక్కినప్పుడు తీగ ఎక్కువ సాగుతుంది, సాగితే స్వరం పైకి పోతుంది. పై మెట్లకి వెళ్ళేకొద్దీ ఈ తేడా తగ్గిపోతుంది. అంటే రిషభం పైకి పోవడానికీ నా బొటనవేలు సలపడానికీ కారణం ఒకటే. ఎఫ్ కార్డుకీ జీ సెవెన్‌కీ మొదటి మెట్టే కావాలి కాబట్టి రోజూ నొక్కుతున్నది అక్కడే. పైగా చున్నీ కట్టుకుని కూర్చున్న ఆ రోజున అవే కార్డులు, అదే అపశ్రుతి నాలుగుసార్లు నా చెవుల ముందే మోగింది. నేనేమో కోవా గాఢతని వెతుక్కుంటున్నాను.

మీ దగ్గర ఏ గిటారున్నా యుకులేలీ ఉన్నా ఇప్పుడే చూసుకోవచ్చు. తీగని మూడో మెట్టు దగ్గర నొక్కి పట్టి, మొదటి మెట్టుకీ తీగకీ మధ్య సందు చూడండి. కాగితం పట్టేంత ఉంటే చాలు. నా కోవాది చూస్తే విజిటింగ్ కార్డు దూరిపోయింది.

పెద్దాయనకి మెయిలు రాస్తే వెంటనే జవాబిచ్చాడు. మంద్రస్థాయి తీగ లావుగా ఉంటుందని పాత నట్టు తీయించి కొత్తది వేయించాడట. ఆయన వేళ్ళకి అది ఎత్తనిపించలేదట. చేసినవాళ్ళ తప్పూ కాదు, ఆయన తప్పూ కాదు. ప్లైవుడ్ది అమ్మిన ఆ చిన్న కొట్టు వాళ్ళు మాత్రం పంపే ముందు ప్రతిదానికీ నట్టు గాళ్ళు అరగదీసి పంపుతారు. 'సెటప్' అని బిల్లులో ఒక లైనుంది, పక్కన ధర సున్నా. అది చదివి కూడా నేను షీటులో గడి పెట్టలేదు. జిగురు గడ్డలున్న నూట ముప్ఫై డాలర్ల పెట్టె నా చేతిని కాపాడింది, పెళ్ళివారి ఇల్లు నొప్పి పెట్టింది. తేడా అర మిల్లీమీటరు.

నేనే అరగదీద్దామని ఆకురాయి సెట్టు కూడా కార్టులో పెట్టాను గానీ మా ఆవిడ ఒక్క చూపు చూసింది. గాడి లోతు ఎక్కువైతే తీగ మెట్టుకి తగిలి జీరపోతుంది, మళ్ళీ నట్టు మార్చాల్సిందే. ఊళ్ళో గిటార్లు బాగుచేసే ఆయన దగ్గరికి తీసుకెళ్ళాను. మినియాపొలిస్‌లో జనవరి, బయట మైనస్ ఇరవై, ఇంట్లో హీటరు దెబ్బకి గాలిలో తేమ పద్దెనిమిది శాతం. ఈ చెక్కలకి నలభై అయిదు నుంచి యాభై అయిదు దాకా ఉండాలి. ఆయన ముందు నట్టు చూడలేదు. మెడ పక్కన వేలు అడ్డంగా రాసి "ఇక్కడ గుచ్చుకోవట్లేదా?" అన్నాడు. గుచ్చుకుంటోంది. చెక్క ఎండి కుంచించుకుపోతే లోహపు మెట్ల చివర్లు బయటికి పొడుచుకొస్తాయి. ఇంకో నెల ఇలాగే బయట పెట్టి ఉంటే ముందు పలక చీలేదట. వాయించనప్పుడు పెట్టెలోనే, తేమ ప్యాకెట్టు వేసి ఉంచమని తిట్టినట్టే చెప్పాడు. ప్లైవుడ్డుకి ఈ బాధ దాదాపు లేదు. నెలల తరబడి హీటరు పక్కనే వేలాడుతోంది, చెక్కుచెదరలేదు.

ఆయన నాలుగు గాళ్ళకీ నాలుగు సైజుల ఆకురాళ్ళతో ఒక్కో గీతా గీసి, తీగ దించి, చూసి, మళ్ళీ గీసి, అరగంటలో తేల్చేశాడు. మెట్ల చివర్లు కూడా రాసి ఇచ్చాడు. నలభై అయిదు డాలర్లు.

సెడార్ దాన్ని దాని యజమానికి క్షేమంగా అప్పగించేశాను. ప్లైవుడ్ది నా డెస్కు పక్కన గోడకే ఉంది. బిల్డు తిరుగుతున్నంతసేపూ, మ్యూట్‌లో ఉన్న మీటింగుల్లోనూ చెయ్యి దాని మీదికే పోతుంది. కోవాది పెట్టెలో ఉంటుంది, సాయంత్రాలు తీస్తాను. షీటులో అందం గడికి పదిహేను శాతం ఇవ్వడం అబద్ధం. నేను దాన్ని కొన్నది నూటికి డెబ్భై పాళ్ళు ఆ అలల కోసమే, మిగతా గడులన్నీ నాకు నేను సర్దిచెప్పుకోవడానికి. ఈ ముక్క మా ఆవిడతో కూడా ఒప్పుకున్నాను, ధరతో సహా. "నాకు మొదటిరోజే తెలుసు" అంది, ఏది తెలుసో చెప్పలేదు.

వారం ఆగి అమ్మకి ఫోన్ చేసి మళ్ళీ సరళీ వరసలు వాయించాను. ట్యూనరులో రిషభం 5 సెంట్లకి వచ్చింది గానీ ఆ సంగతి ముందు చెప్పలేదు. చివరిదాకా వింది. సలుపు కూడా లేదు, అప్పటికి ఇరవై అయిదు నిమిషాలైంది.

"కుదిరింది. రేపట్నుంచి జంట వరసలు" అంది.